రెండు గంటల సైరన్

సెక్టర్ 6, భిలాయి
ఫిబ్రవరి 11, 2024

గౌరికి,

బావ ఆశీస్సులు. నువ్వు లండన్ చేరి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజుల్లో ఫోన్లో నాతో నాలుగుసార్లు మాట్లాడావని మా ఆవిడ, అదే మీ అప్ప, అంటోంది. నాకు వినపడింది ఒక్క మాటే, "చలి". మిగతాదంతా ఈల. వయసో, ముప్పై నాలుగేళ్ళు విన్న స్టీలు ప్లాంటు మిల్లు హోరో, నా కుడిచెవి పూర్తిగా రిటైరైంది. ఎడమది వారానికి రెండు రోజులు డ్యూటీకొస్తోంది. చెవికి మిషన్ పెట్టుకుంటే పక్కింటి కుక్కర్ కూత వినిపిస్తుంది గాని ఎదుటి మనిషి మాట వినిపించదు.

అందుకని ఒక ఏర్పాటు. నువ్వు కాగితం మీద రాయి, దాన్ని ఫోటో తీసి మీ అప్ప ఫోనుకి పంపు. నేనూ అలాగే చేస్తాను. నీ అక్షరాలు చూస్తే నాకు నీ గొంతు వినిపిస్తుంది. ఇన్నేళ్ళు హిందీ టీచరుగా నల్లబల్ల మీద రాసిన చెయ్యి కదా, గుండ్రంగా, ఆజ్ఞాపిస్తున్నట్టు ఉంటాయి.

అసలు సంగతి. లండన్లో నాటకశాలలన్నీ ఒకే పేటలో ఉన్నాయట. వీధికి ఇటూ అటూ నాటకాలే, అందులో ఎక్కువ పాటల నాటకాలేనట. మన తెలుగు నాటక సమాజం ప్రెసిడెంటు సత్యప్రసాద్ గారు రెండేళ్ళ కిందట వెళ్ళొచ్చి ఇప్పటికీ వాటి గురించే చెబుతున్నారు. "వరల్డ్ క్లాస్" అంటారు. అందులో ఏముందండీ అని అడిగితే, "అదే, వరల్డ్ క్లాస్" అంటారు. అంతకంటే ఒక్క ముక్క రాబట్టలేకపోయాను. ఆఫీసరుగా రిటైరైన మనిషి, గట్టిగా అడగలేం.

మీ అమ్మాయి కిరణ్మయి నీకు అవన్నీ చూపిస్తానని మాటిచ్చింది కదా. చూసినదల్లా రాయి. నాటకం చూడడం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళు మన నాటకాలకి తెర వెనక నిలబడి ప్రాంప్టింగ్ చెప్పినదానివి. నటులు మరిచిపోయిన మాటలన్నీ నీ దగ్గరే ఉన్నాయి. నా హార్మోనియం మీద గుడ్డ కప్పి మూడేళ్ళయింది. నువ్వు చూసి రాయి, నేను చదివి వింటాను.

"అక్కడ మెంతులు దొరుకుతాయేటో అడగండి" అంటోంది మీ అప్ప. అడిగాను.

బావ
వాసుదేవరావు


ఈస్ట్ హామ్, లండన్
ఫిబ్రవరి 26

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆలస్యానికి క్షమించండి, ఇక్కడ పనులు ఎక్కువగా ఉన్నాయి. మెంతులు దొరుకుతాయని అప్పకి చెప్పండి. ఈ వీధిలో ములక్కాడలు కూడా దొరుకుతాయి.

మొన్న మొదటి నాటకం చూశాను. పేరు "పోయిన గొడుగులు". ఒక పెద్ద రైల్వే స్టేషన్లో ప్రయాణికులు మరిచిపోయిన సామాను దాచే గది ఉంటుంది. అక్కడి గుమాస్తా కథానాయకుడు. ఒకామె ప్రతి వారం గొడుగు పోగొట్టుకుని వస్తుంది. ఆమెకి మతిమరుపు అనుకుంటాడు పాపం. చివర్న, ఆమె కావాలనే పోగొట్టుకుంటోందని అతనికి తప్ప హాల్లో అందరికీ తెలుస్తుంది. హాలు చాలా బాగుంది. ఎర్ర తెర, బంగారు రంగు గోడలు. పాటలు చాలా బాగున్నాయి. వాద్యాలు కూడా చాలా బాగున్నాయి.

కిరణ్మయి కులాసా. ఆఫీసు పని ఇంట్లోంచే చేసుకుంటోంది.

మరదలు
గౌరి


సెక్టర్ 6, భిలాయి
మార్చి 6

గౌరికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఏమీ వినపడలేదు. "చాలా బాగుంది" అని మూడుచోట్ల రాసిన పిల్లకి నువ్వు పరీక్షలో ఎన్ని మార్కులు వేసేదానివో గుర్తు తెచ్చుకో.

వాద్యాలు అన్నావు, ఏ వాద్యాలు? ఎంతమంది? ఎక్కడ కూర్చున్నారు? పాట మొదలయ్యే ముందు మాట ఆగుతుందా, మాట మీదనుంచే పాట లేస్తుందా? మన నాటకంలోలా జనం "వన్స్‌మోర్" అంటే రాజుగారు చచ్చిపోయి కూడా లేచి పద్యం పాడతాడా? గొడుగులావిడ పాట ఒక్క చరణమైనా రాయి. సత్యప్రసాద్ గారికి నీ ఉత్తరం చూపిస్తే, "యెస్, నేను చూశాను, వరల్డ్ క్లాస్" అన్నారు.

మీ అప్ప ఒక మాట అడగమంది. "కిరణ్ ఫోన్లో ఎప్పుడు సూసినా మంచం మీదే కూకుని కనిపిస్తాదేటి? ఆ పిల్లకి కుర్చీ నేదా?" అంటోంది. లండన్లో ఇళ్ళు చిన్నవి అని చెప్పాను. నమ్మలేదు.

బావ


ఈస్ట్ హామ్, లండన్
మార్చి 22

బావగారికి,

వాద్యాలవాళ్ళు వేదిక కింద గోతిలాంటి చోట కూర్చుంటారు. ప్రేక్షకులకి కనపడరు. కాబట్టి ఎంతమందో నేను చెప్పలేను. రాజులు చచ్చాక లేవరు. కిరణ్మయి కుర్చీలో కూర్చుంటే నడుం నొప్పి అంటుంది, అందుకే మంచం.

తర్వాత ఇంకో నాటకం చూశాను. దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. పేరు "రెండు గంటల సైరన్". పెద్ద హాలు కాదు. ఆ పేట చివర, ఒక మేడ మీద చిన్న హాలు. బయట బోర్డు కూడా సరిగా లేదు.

ఇంగ్లండులో ఉత్తరాన ఒక ఇనుము కరిగించే ఊరు. మగాళ్ళందరూ పొద్దున్నే సైకిళ్ళ మీద ఫస్ట్ షిఫ్టుకి పోతారు. మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగుతుంది. ఆ మోతకి ఊళ్ళో ఆడవాళ్ళు కంచాలు పెడతారు. పాతికేళ్ళుగా గడియారం చూసుకోవలసిన అవసరం వాళ్ళకి రాలేదు. ఒకరోజు రెండవుతుంది, సైరన్ మోగదు. రెండుంపావు అవుతుంది, మోగదు. ఒక్కొక్కరే గుమ్మంలోకి వస్తారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అడిగితే నిజమైపోతుందని భయం. తర్వాత అందరూ అన్నం క్యారియర్లలో సర్దుకుని గేటు దగ్గరికి నడుస్తారు. అన్నం పట్టుకెళ్తే తినే మనిషి ఉండి తీరాలి కదా.

గేటు బయట ఎండలో నిలబడి, పొద్దున మొగుడు సైకిలెక్కేటప్పుడు తామన్న ఆఖరి మాట ఏమిటో ఒక్కొక్కరే గుర్తు తెచ్చుకుంటారు. ఒకామె "చెప్పులు అరిగాయి" అంది. ఇంకొకామె అసలేమీ అనలేదు, పోట్లాడి వారమైంది. నాయిక మొగుడి సైకిలుకి బెల్లు లేదు. మలుపు దగ్గర బెల్లు బదులు గట్టిగా దగ్గుతాడు. ఆ దగ్గు కోసం చెవి ఒగ్గి నిలబడుతుంది. క్యారియర్ మూతల మీద గరిటెలతో కొట్టుకుంటూ పాడతారు. వేరే వాద్యం లేదు.

చివరికి గేటు తెరుచుకుంటుంది. ఏమీ కాలేదు. సైరన్ మీట నొక్కవలసిన మనిషి నిద్రపోయాడు, అంతే. మగాళ్ళు మామూలుగా బయటికొచ్చి, "ఎండలో ఇక్కడేం పని? అన్నం ఏదీ?" అంటారు. పాటలో అన్నవేవీ ఆడవాళ్ళు పైకి అనరు. మూతలు తీసి వడ్డిస్తారు.

తెర పడుతుంది.

గౌరి


సెక్టర్ 6, భిలాయి
ఏప్రిల్ 3

గౌరీ,

ఈసారి వినపడింది.

ఉత్తరం చదివి, హార్మోనియం మీద గుడ్డ తీసి దులిపాను. తుమ్ములొచ్చాయి. ఆ క్యారియర్ మూతల పాట నాకు కావాలి. మాటలు ఎంత గుర్తుంటే అంత రాయి, బాణీ నేను చూసుకుంటాను. ఈ ఏడాది మన సమాజం వార్షికోత్సవానికి ఈ నాటకమే వేస్తున్నాం. కమిటీ ఒప్పుకుంది. సత్యప్రసాద్ గారు బల్ల మీద చరిచి, "లండన్ మ్యూజికల్ ఇన్ భిలాయి!" అన్నారు. బ్యానర్ ఆయన ఖర్చు.

మిగతా నాటకాలు చూసినా చూడకపోయినా ఫరవాలేదు. ఇది ఇంకోసారి చూడు.

బావ


ఈస్ట్ హామ్, లండన్
ఏప్రిల్ 15

బావగారికి,

నాటకం వేయడమేమిటి? నేను ఊరికే చూసింది రాశాను. ఇక్కడివాళ్ళకి హక్కులు అవీ ఉంటాయి. కోర్టుకి లాగుతారు. మన సమాజానికి ఈ తలనొప్పి ఎందుకు? ఏటా వేసే పౌరాణికం వేసుకోండి.

పాట అడిగారు కాబట్టి నాకు గుర్తున్నంత తెలుగు చేసి రాస్తున్నాను. మీరు చదువుకోడానికి మాత్రమే.

పప్పు చల్లారింది, పిలుపు రాలేదు,
పొద్దున్న పొమ్మన్న మనిషి రాలేదు.
గుమ్మంలో అనబోయి ఆపుకున్న మాట
కొంగున తాళంచెవై ఉండిపోయింది.
మోగవే సైరనూ, ఒక్కసారి మోగవే,
ఈసారి చెప్పేస్తాను, మోగవే.

ఇంకా మూడు చరణాలున్నాయి. వెనక పేజీలో రాశాను.

గౌరి


సెక్టర్ 6, భిలాయి
మే 19

గౌరికి,

ఎండ నలభై అయిదు. రిహార్సల్సు పొద్దున్న ఏడింటికే మన ఇంటి వరండాలో. నాయిక భాగ్యరేఖ. పిల్ల బాగా పాడుతుంది గాని తెలుగు చదవడం రాదు. మాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసి ఇచ్చాను. ఇంకో ముగ్గురిదీ అదే కథ. వాళ్ళలో నీలిమ "పప్పు చల్లారింది" అని అభినయంతో అన్నాక, "తాతగారూ, చల్లారింది అంటే క్యా?" అని అడిగింది. నాలుగు వారాలుగా కన్నీళ్ళు పెడుతూ అంటున్న మాట అది.

గేటు చిట్టిబాబు చేస్తున్నాడు. హథ్‌ఖోజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో వాడి షెడ్డులో రేకు కత్తిరించి, చక్రాలు బిగించి తెచ్చాడు. "భయ్యా, అసలు గేటు కంటే మజ్‌బూత్‌గా వచ్చింది, నాటకం అయ్యాక ఎవడికైనా అమ్మీవచ్చు" అంటున్నాడు. ఢోలక్ కూడా వాడే.

చిన్న చిక్కు ఒకటి వచ్చింది. నీలిమ దుస్తులెలా ఉంటాయో చూద్దామని ఫోన్లో వెతికింది. "తాతగారూ, గూగుల్ మే నహీ హై. ఒక్క ఫోటో కూడా లేదు" అంది. "మన సమాజం ఉందా గూగుల్లో?" అన్నాను. వెతికింది. లేదు. "మరి మనం లేమా?" అన్నాను. ఫోను పక్కన పెట్టింది. కాని ఆ మాట సత్యప్రసాద్ గారి దాకా పోయింది. ఆయన, "నేను చూశానే ఆ నాటకం! ఫస్ట్ రోలో కూర్చుని!" అన్నారు. దాంతో అనుమానం తీరిపోయింది, అందరికీ.

జూలై పద్నాలుగు ఆదివారం, సాయంత్రం ఆరింటికి. సుపేలాలో మెయిన్ రోడ్డు మీద బ్యానర్ కట్టారు. "లండన్ ప్రఖ్యాత సంగీత నాటకం, తెలుగులో తొలిసారి". రచన అన్నచోట ఏం వేయమంటారని అడిగారు. ఖాళీ వదిలేయమన్నాను.

బావ


ఈస్ట్ హామ్, లండన్
జూన్ 3

బావగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది చదివాక మీరు నాతో మాట్లాడకపోయినా న్యాయమే.

ఆ నాటకం లండన్లో లేదు. గొడుగుల నాటకమూ లేదు. నేను ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది, ఒక్క నాటకం కూడా చూడలేదు.

మీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడు కిరణ్మయి ఆఫీసు నుంచి వస్తూ స్టేషన్ మెట్ల మీద వాన తడికి జారిపడింది. చీలమండ దగ్గర రెండు ఎముకలూ విరిగాయి. ఆపరేషన్ చేసి స్టీలు ప్లేటు వేశారు. తొమ్మిది రోజులు ఆసుపత్రి, తర్వాత మూడు నెలలు కాలు నేల మీద పెట్టకూడదన్నారు. "పెద్దమ్మకి చెప్పకు. చెబితే సుపేలాలో ఆటోవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. రోజూ ఫోన్లో ఏడుస్తుంది" అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. భయం లేదు.

ఆసుపత్రికి రోజూ రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. ఒళ్ళో అన్నం క్యారియర్. రెండో బస్సు ఆ నాటకాల పేటలోంచి పోతుంది. పైఅంతస్తులో కూర్చుంటే బోర్డులన్నీ కంటికి ఎదురుగా. ఒక సిగ్నల్ దగ్గర బస్సు చాలాసేపు ఆగుతుంది. లోపలికి పోయేవాళ్ళని చూసేదాన్ని. మీరేమో చూసి రాయమన్నారు. చూడలేదని రాస్తే ఎందుకు చూడలేదో రాయాలి. అందుకని నేను చూసిన గుమ్మాల వెనక ఏముందో నేనే అల్లుకున్నాను. మొదటిసారి మీకు వినపడలేదన్నారు. నిజమే, అందులో ఏమీ లేదు.

రెండోది ఎలా వచ్చిందో నాకే తెలియదు. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ పొద్దున్న సైకిలు మీద సుపేలా బజారుకి వెళ్తుంటే నేను, "గ్యాస్ బుక్ చేశారా?" అన్నాను. అదే ఆఖరి మాట. బజార్లోనే గుండె ఆగింది. ఇంకో మాట ఏదో అనాలని ఉండేది, ముప్పై ఏళ్ళుగా ఉండేది. బస్సులో క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆ మాట ఇలా వచ్చింది.

మీరంతా ఎండలో రిహార్సల్సు చేస్తున్నారు. ఊరంతా బ్యానర్లు. ఎవరైనా లండన్‌కి ఫోన్ చేసి కనుక్కుంటే మీ పరువేం కాను? ఏదో వంక చెప్పి ఆపేయండి. నన్ను క్షమించండి.

గౌరి


సెక్టర్ 6, భిలాయి
జూన్ 6

గౌరీ,

బ్యానర్లు ఆపలేను, నాటకం ఆపను.

ఈ విశాల ప్రపంచంలో సైకిలుకి బెల్లు పెట్టించుకోకుండా మలుపు మలుపుకీ దగ్గే మగాడు ఒక్కడే పుట్టాడు. మా తోడల్లుడు నరసింగరావు. సెక్టర్ ఆరులో కుక్కలు కూడా ఆ దగ్గుకి పక్కకి జరిగేవి. మార్చి ఇరవై రెండో తారీఖు ఉత్తరంలో ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికే నాకు తెలిసిపోయింది. ఇంగ్లండు ఉత్తరాన కూడా అలాంటివాడు ఇంకొకడున్నాడంటే నేను నమ్మను.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు రాయడం ఆపేసేదానివి. కమిటీకి చెబితే వాళ్ళు అసలు మొదలే పెట్టనిచ్చేవారు కాదు. ఎవరు రాశారంటే "గౌరీదేవి" అనాలి. "ఎవరు, ఆ ప్రాంప్టింగ్ చెప్పే హిందీ టీచరా?" అని ఆ రోజుకి హాలు రక్తదాన శిబిరానికి ఇచ్చేసేవారు. అబద్ధం నువ్వు మొదలుపెట్టావు, నేను దానికి బాణీ కట్టాను. కాబట్టి క్షమాపణ సగమే నీది.

కాలు సంగతి దాచడం మాత్రం తప్పు. ఉత్తరాలు వచ్చేది మీ అప్ప ఫోనుకే అని మీ తల్లీకూతుళ్ళిద్దరికీ గుర్తులేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ ఆఖరి దాకా చదివేసింది. ఏడ్చింది. తర్వాత, "పిల్లకి ఎముకిరిగితే సెప్పనోలు నాకు సుట్టాలేటి?" అంది. మూడు రోజులు నీతో మాట్లాడదట. నాలుగో రోజు కిరణ్‌కి ఏం తినిపించాలో చెబుతుంది.

బావ


ఈస్ట్ హామ్, లండన్
జూన్ 8

బావగారికి,

వేయండి. కాని నా పేరు మాత్రం ఎక్కడా వద్దు. నవ్వుతారు. ఇన్నేళ్ళు తెర వెనకే ఉన్నాను, నాకు అక్కడే బాగుంటుంది. మాటివ్వండి.

గౌరి


సెక్టర్ 6, భిలాయి
జూలై 16

గౌరికి,

మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. నా నోటంట నీ పేరు రాలేదు. ఇక జరిగింది విను.

ఆదివారం మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. హాల్లోకి ఎవరొస్తారులే అనుకున్నాం. ఐదున్నరకి కుర్చీలు చాలక పక్క స్కూలు నుంచి బెంచీలు తెచ్చారు. అంతా లండన్ నాటకం చూడ్డానికి వచ్చినవాళ్ళే. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టారు. నాతో మిల్లులో పనిచేసిన రామమోహనరావు కోటు తొడిగాడు, నా సర్వీసులో వాడిని కోటుతో చూడడం ఇదే మొదలు.

వాన హోరుకి నా ఎడమచెవి ఆ పూట డ్యూటీకి రాలేదు. చిట్టిబాబు చెయ్యి ఢోలక్ మీద ఎలా పడుతోందో చూస్తూ వాయించాను. ఒకచోట నేను ముందుకి పోయినట్టున్నాను, వాడు కళ్ళతో లాగాడు. భాగ్యరేఖ గేటు ముందు నిలబడి మొదటి చరణం అందుకుంది. గరిటెలు మూతల మీద పడుతుంటే వేదిక చెక్కల్లోంచి నా పాదాలకి తెలిసింది. రెండో చరణానికి తలెత్తి జనం వైపు చూశాను. ముందు వరసలో ఆడవాళ్ళ పెదాలు కదులుతున్నాయి. పాట వాళ్ళకి తెలియదు కదా, ఎవరి మాటలు వాళ్ళు అనుకుంటున్నారు. వాళ్ళ పక్కన మగాళ్ళు బుద్ధిగా నేల చూస్తున్నారు. గేటు తెరుచుకుని మగాళ్ళు "అన్నం ఏదీ?" అనగానే హాలంతా ఊగిపోయింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. రెండూనట, చిట్టిబాబు చెప్పాడు.

తెర పడ్డాక సత్యప్రసాద్ గారు మైకు పట్టుకున్నారు. అంతకుముందే రాసిపెట్టుకున్న ఉపన్యాసం. నీలిమ తర్వాత నాకు చెప్పిన ప్రకారం, "వేల మైళ్ళ దూరాన ఉన్న ఒక ఇంగ్లీషు రచయితకి మన జీవితం ఎలా తెలిసిందో చూడండి! అదీ వరల్డ్ క్లాస్ అంటే!" అన్నారట.

ఆ తర్వాత మాట ఎవరూ చెప్పక్కర్లేకుండా నాకే వినపడింది. మీ అప్ప మూడో వరసలోంచి లేచి నిలబడింది.

"ఓ ప్రెసిడెంటుగారా! లండనోలికేటి తెలుస్తాది సెక్టర్ ఆరు సంగతి? అది రాసినాది మా సెల్లి గౌరి! ఇరవైరెండేళ్ళు తెర ఎనక నిలబడి మీకందరికీ మాటలందించినాది. ఇప్పుడు దాని మాట ఒక్కటి మీ సెవిన పడీసరికి లండన్‌దైపోనాదేటి?"

హాలు నిశ్శబ్దమైపోయింది. నాకు ఎలా తెలిసిందంటే అందరి నోళ్ళూ ఒకేసారి మూతపడ్డాయి. తర్వాత వెనక బెంచీలోంచి ఎవరో ఆడమనిషి చప్పట్లు కొట్టింది. అంతే, ఆడవాళ్ళందరూ అందుకున్నారు. సత్యప్రసాద్ గారు ఆఫీసరు కదా, తేరుకోడానికి అర నిమిషం పట్టింది. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను" అన్నారట.

మీ అప్పని ఇంటికొచ్చాక అడిగాను, గౌరి పేరు చెప్పొద్దంది కదా అని. "మాటిచ్చినోలు మీరు. నన్నెవులడిగినారు?" అంది.

ఇప్పుడు అసలు విశేషం. ఆదివారం తెర పడినప్పుడు అది వరల్డ్ క్లాస్. సోమవారం పొద్దున్న టీ కొట్టు దగ్గరికి వెళ్తే, సెకండ్ హాఫ్ లాగిందన్నారు. పాటల్లో పాత వాసన ఉందన్నారు. లైటింగు ఇంకా బాగుండాల్సిందట. నువ్వు లండన్లో ఉండి ఉంటే మహా రచయిత్రివే. సెక్టర్ ఆరులో ఉండేదానివి కాబట్టి నీకు చెప్పాల్సిన లోపాలు చాలా ఉన్నాయి.

కాని సాయంత్రం నలుగురు ఆడవాళ్ళు మన ఇంటికొచ్చారు. గౌరి ఎప్పుడొస్తుందని అడిగారు. "మాది కూడా ఒకటుంది, రాయాలి" అన్నారు. రామమోహనరావు ఇంటికెళ్ళి భార్యని, "ఆ రోజు గేటు దగ్గర నువ్వుంటే ఏమనేదానివే?" అని అడిగాడట. "ముందు ఆ తడి కోటు ఇప్పి ఆరేయండి" అందట. వాడు రెండు రోజులుగా ఆ జవాబు అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాడు.

రెండో ఆట ఆగస్టులో. బ్యానర్ మీద లండన్ మాట తీసేయమన్నాను. తీస్తే జనం రారని కమిటీ అంది. వాదించి వాదించి ఒప్పందానికి వచ్చాం. "రచన: గౌరీదేవి, లండన్" అని వేస్తారు. నువ్వు ఆ వేళకి ఇక్కడే ఉంటావని చెబితే, "అది జనానికి తెలియనక్కర్లేదు" అన్నారు.

బావ


ఈస్ట్ హామ్, లండన్
జూలై 25

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం కిరణ్మయి బిగ్గరగా చదివింది. అప్ప మాటల దగ్గరికి వచ్చి ఫోను నా చేతిలో పెట్టేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. అప్ప మీద కోపం వచ్చిందని చెప్పండి. వచ్చిన కోపం ఎంతోసేపు లేదని కూడా చెప్పండి.

నిన్న, బుధవారం మధ్యాహ్నం ఆటకి, కిరణ్మయి నన్ను నిజంగానే తీసుకెళ్ళింది. కర్ర పట్టుకుని మెట్లన్నీ ఎక్కింది. నాటకం పేరు మీకు రాయను. రాస్తే సత్యప్రసాద్ గారు దాన్ని కూడా ఫస్ట్ రోలో చూశానంటారు. రెండో అంతస్తులో చివరి వరస మాది. అక్కడినుంచి నటులు బొటనవేలంత కనిపించారు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నాకు సగం మాటలు అర్థం కాలేదు. మొదటి అరగంట నేను నాటకం చూడనేలేదు, తెర పక్క సందుల్లో ప్రాంప్టింగ్ చెప్పే మనిషి కోసం వెతుకుతూ కూర్చున్నాను. ఎవరూ లేరు. ఒక పిల్ల పాట మధ్యలో ఒక్క రెప్పపాటు ఆగింది. ఆ అమ్మాయి మరిచిపోయిందో, అది నటనో, మాట అందించబోతున్నట్టు నేను ముందుకి వంగాను. తర్వాత అందుకుంది. ఆ అందుకోవడం చూసి నాకు కన్నీళ్ళొచ్చాయి. అది ఏడవాల్సిన ఘట్టం కాదు, పక్కవాళ్ళంతా నవ్వుతున్నారు. మీరు అడిగిన మాటకి ఇప్పుడు జవాబు చెప్పగలను. మాట ఆగి పాట మొదలవదు బావగారూ. మాట ఇక పట్టలేనప్పుడు పాటవుతుంది. మన దగ్గరా అంతే కదా.

నాటకం అయ్యాక మెట్ల దగ్గర జనం. కిరణ్మయి నెమ్మదిగా దిగాలి కాబట్టి అందరినీ పోనిచ్చి కూర్చున్నాం. నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, ఎనభై ఏళ్ళుంటాయి, తెల్లజుట్టు, మెడలో ముత్యాలు, ఆవిడా మాలాగే కూర్చుంది. ఎలా ఉందని నన్ను పలకరించింది. బాగుందన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. నా నోరు ఊరుకోలేదు.

"నేనూ ఒకటి రాశాను" అన్నాను.

ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు. తెలుగులో కూడా ఎప్పుడూ అనలేదు. ఇంగ్లీషులో అనేశాను.

ఆవిడ పూర్తిగా నా వైపు తిరిగింది. "నిజంగానా! ఎక్కడ ఆడుతోంది?"

"భిలాయిలో."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత మొహం వెలిగిపోయింది.

"ఆఁ, అవునవును! విన్నాను. చాలా బాగుందటగా! టికెట్లు దొరకడమే లేదట."

కిరణ్మయి కర్ర వెతుక్కునే నెపంతో కుర్చీ కిందికి వంగిపోయింది. నాకు మాత్రం కాదనడానికి మనసొప్పలేదు. ఆవిడ చేతిమీద చెయ్యి వేసి, ఆగస్టులో ఇంకో ఆట ఉంది, మీరొస్తానంటే ముందు వరసలో చోటు ఉంచుతాను అన్నాను.

మరదలు
గౌరీదేవి